బ్రిటన్ మాండలికాలు: పదాలు, నానుడులు

ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో ఊరిని బట్టి మారే ఇంగ్లీషు వాడుకలను బ్రిటన్ మాండలికాలు అంటారు. యాసలోనూ వ్యాకరణంలోనూ తేడాలుంటాయి, కానీ కొత్తవారికి ముందుగా అడ్డుపడేవి మాటలే. రెండిళ్ల గోడల మధ్య సందును లీడ్స్‌లో ‘గినెల్’ అంటారు. అదే సందు నాటింగ్‌హామ్‌లో ‘ట్విచెల్’, ససెక్స్‌లో ‘ట్విటెన్’, ఎడిన్‌బరోలో ‘క్లోజ్’. కార్న్‌వాల్ నైరుతి కొస నుంచి స్కాట్లండ్ ఈశాన్య కొసకు రోడ్డు మీద సుమారు 1,400 కిలోమీటర్లు. ఆ దారి పొడవునా సందుకు, రొట్టెకు, వానకు, సద్దిమూటకు పేర్లు మారిపోతూనే ఉంటాయి.

మాండలిక పదమంటే ప్రామాణిక పదానికి చెడిన రూపమని చాలాకాలం అనుకున్నారు. చరిత్ర తిరగేస్తే చాలాచోట్ల వ్యవహారం తలకిందులుగా కనిపిస్తుంది. లండన్ వదిలేసిన పాత మాటను పల్లె దాచుకుంది. పుస్తకాలు, కచేరీలు, పెద్ద బజార్లు ఏ వస్తువులకు ఒకే పేరు ఖాయం చేశాయో అక్కడ మాండలికం వెనక్కి తగ్గింది. వాటి చూపు పడని ఇంటి పనుల్లో, పిల్లల ఆటల్లో, తిట్టులో, ముద్దులో అది నిలిచింది.

మూలాలు

క్రీ.శ. 5వ శతాబ్దం నుంచి ఉత్తర సముద్రం దాటి వచ్చి స్థిరపడిన ఆంగ్లులు, శాక్సన్లు, జూట్ల భాషే పాత ఇంగ్లీషు. అందులో నాలుగు ప్రధాన మాండలికాలు: హంబర్ నదికి ఉత్తరాన నార్తంబ్రియన్, మధ్య ప్రాంతంలో మెర్సియన్, నైరుతిలో వెస్ట్ శాక్సన్, ఆగ్నేయ మూల కెంటిష్. స్కాట్లండ్‌లోని స్కాట్స్ నార్తంబ్రియన్ సంతతే. 9వ శతాబ్దంలో ఆల్ఫ్రెడ్ రాజు కొలువులో గ్రంథాలు వెలసింది వెస్ట్ శాక్సన్‌లో. తరువాత రాజధాని లండన్ కావడంతో ఆ చుట్టుపక్కల, తూర్పు మధ్య ప్రాంతాల వాడుక ప్రామాణికమైంది. ఒకనాడు రాజభాషగా వెలిగిన ప్రాంతపు మాట ఇవాళ డోర్సెట్, సోమర్సెట్ రైతుల యాసగా హాస్య నాటికల్లో వినిపిస్తుంది.

793లో లిండిస్‌ఫార్న్ మఠం మీద దాడితో వైకింగుల రాక మొదలైంది. 866లో యార్క్ నగరం వారి చేతికి చిక్కింది. ఉత్తర, తూర్పు ఇంగ్లండ్‌లలో వారు కాపురాలు పెట్టి సేద్యం చేశారు. అందుకే అక్కడి నేలకు సంబంధించిన మాటల్లో నార్స్ భాష పాలు ఎక్కువ. వాగు ‘బెక్’, కొండ ‘ఫెల్’, కొండల నడుమ చిన్న చెరువు ‘టార్న్’. దక్షిణాన వాగును ‘బ్రూక్’ అంటారు, స్కాట్లండ్‌లోనూ ఈశాన్యంలోనూ ‘బర్న్’ అంటారు. యార్క్ నగరంలో ‘గేట్’తో ముగిసే వీధి పేర్లు చాలా ఉన్నాయి. అక్కడ గేట్ అంటే ద్వారం కాదు, నార్స్ భాషలో వీధి. యార్క్‌షైర్‌లో ఆడుకోవడాన్ని ‘లేక్’ అనేవారు, న్యూకాసిల్‌లో ఇంటిని ‘హైమ్’ అంటారు. రెండూ ఆ సముద్రం దాటి వచ్చినవే.

1066లో నార్మన్లు గెలిచాక ఫ్రెంచి మాటలు వచ్చిపడ్డాయి. స్కాట్లండ్‌కు ఫ్రాన్సుతో విడిగా శతాబ్దాల మైత్రి ఉండేది. వడ్డన పళ్లేన్ని ‘యాషెట్’ అనడం, గొర్రె తొడ మాంసాన్ని ‘జిగట్’ అనడం స్కాట్లండ్ వంటింట్లో మిగిలిన ఫ్రెంచి ఆనవాళ్లు.

16వ శతాబ్దం తొలినాళ్లలో రోమా సంచారులు బ్రిటన్ చేరారు. వారి భాష ఉత్తర భారతదేశపు ఆర్యభాషల కుటుంబానికి చెందింది. రోమానీలో నీటికి ‘పానీ’ అనే అంటారు. ఈశాన్య ఇంగ్లండ్‌లోనూ స్కాట్లండ్ సరిహద్దుల్లోనూ మనిషిని ‘గాజీ’ అనడం, దక్షిణాన బాగుందనడానికి ‘కుష్టీ’ అనడం వారి నుంచి వచ్చినవే. ప్రపంచమంతా వాడే ‘పాల్’ అనే మాటకు రోమానీలో అర్థం సోదరుడు.

ఈ తేడాలు మనుషులను ఎంత తికమకపెట్టేవో ఇంగ్లండ్ తొలి ముద్రాపకుడు విలియం కాక్స్టన్ 1490లో ఒక పుస్తకం ముందుమాటలో చెప్పాడు. ఉత్తరాది వర్తకులు థేమ్స్ నది దగ్గర ఓడ దిగి ఒక ఇల్లాలిని ‘ఎగ్స్’ అడిగారు. తనకు ఫ్రెంచి రాదని ఆమె బదులిచ్చింది. తనకూ ఫ్రెంచి రాదు కనుక అడిగిన వర్తకుడికి కోపం వచ్చింది. ఇంకొకరు కలగజేసుకుని ‘ఐరెన్’ అనగానే ఆమెకు అర్థమైంది. ఐరెన్ దక్షిణాది పాత మాట, ఎగ్ నార్స్ నుంచి వచ్చిన ఉత్తరాది మాట. చివరికి గెలిచింది ఉత్తరాది మాటే. ఏ రూపంలో అచ్చు వేయాలో తెలియక కాక్స్టన్ పడిన ఇబ్బంది అది. ఆ తరువాత అచ్చు యంత్రమే కొన్ని మాటలను నిలిపి మిగతావాటిని పక్కకు నెట్టింది.

సేకరణ చరిత్ర

వాడుక పదాలను పోగుచేసిన తొలివారిలో ప్రముఖుడు ప్రకృతి శాస్త్రవేత్త జాన్ రే. మొక్కల కోసం దేశం తిరుగుతూ మాటలు కూడా ఏరుకున్నాడు. 1670లో సామెతల సంపుటి, 1674లో ప్రాంతీయ పదాల సంపుటి వెలువరించాడు. స్కాట్లండ్‌లో జాన్ జేమిసన్ నిఘంటువు 1808లో వచ్చింది.

1873లో ఇంగ్లీష్ డయలెక్ట్ సొసైటీ ఏర్పడింది. దాని కృషికి పరాకాష్ఠ జోసెఫ్ రైట్ సంపాదకత్వంలో 1898 నుంచి 1905 వరకు ఆరు సంపుటాలుగా వచ్చిన మాండలిక నిఘంటువు. అందులో సుమారు 70,000 పదాలున్నాయి. 1855లో బ్రాడ్‌ఫర్డ్ దగ్గర పేద ఇంట పుట్టిన రైట్ పసితనంలోనే రాతి క్వారీలో గాడిదల వెంట పనికి కుదిరాడు. తరువాత సాల్టెయిర్ ఉన్ని మిల్లులో చేరాడు. పదిహేనేళ్లు వచ్చేదాకా చదవడం రాదు. సొంతంగా చదువుకుని జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో డాక్టరేటు పొంది, 1901లో ఆక్స్‌ఫర్డ్‌లో భాషాశాస్త్ర ఆచార్యుడయ్యాడు. మాండలికాన్ని పరిశోధన వస్తువుగా కాక తల్లి నోటి మాటగా ఎరిగిన మనిషి చేతిలో ఆ నిఘంటువు తయారైంది. ఆయన భార్య ఎలిజబెత్ మేరీ రైట్ పల్లె మాటల మీదా నమ్మకాల మీదా 1913లో విడిగా ఒక పుస్తకం రాసింది.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత లీడ్స్ విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ ఆర్టన్, జూరిచ్‌కు చెందిన యూజెన్ డీట్ కలిసి ఇంగ్లండ్ మాండలికాల సర్వే రూపొందించారు. 1950 నుంచి 1961 వరకు 313 చోట్ల 1,300కు పైగా ప్రశ్నలతో సమాచారం సేకరించారు. జవాబు చెప్పినవారిలో ఎక్కువమంది వయసు మళ్లిన పల్లెవాసులు, పొలం పనివారు. ప్రశ్నలో అసలు మాట దొర్లకూడదన్నది నియమం. పశువులను కట్టేసే చోటును ఏమంటారని అడిగితే కొందరు ‘బైర్’ అన్నారు, కొందరు ‘షిపెన్’ అన్నారు, పశ్చిమ యార్క్‌షైర్ వారు ‘మిస్టల్’ అన్నారు. ఆ జవాబులను పటాల మీద గుర్తిస్తే భాష సరిహద్దు గీతలు బయటపడ్డాయి. అవి జిల్లా హద్దులను పట్టించుకోలేదు. చాలాచోట్ల నదుల వెంబడీ, వెయ్యేళ్ల కిందటి రాజ్యాల హద్దుల వెంబడీ నడిచాయి.

ఈ సర్వేలో ఊరూరా తిరిగిన స్టాన్లీ ఎలిస్‌ను 1979లో పోలీసులు పిలిచారు. యార్క్‌షైర్ వరుస హత్యల కేసులో హంతకుడినంటూ ఒకడు పంపిన టేపును ఆయన విని, ఆ గొంతు సండర్లాండ్‌లోని కాసిల్‌టౌన్ పరిసరాలదని చెప్పాడు. టేపు బూటకమని తరువాత తేలింది. పాతికేళ్లు దాటాక పట్టుబడిన ఆ బూటకపు మనిషి సండర్లాండ్ వాసే.

స్కాట్లండ్ మాటలకు పది సంపుటాల జాతీయ నిఘంటువు 1931లో మొదలై 1976లో పూర్తయింది. 2004–05లో బీబీసీ ‘వాయిసెస్’ పేరుతో దేశమంతటా మాటలు సేకరించి రికార్డు చేసింది.

ఒకే వస్తువు, పది పేర్లు

రొట్టె: గుండ్రటి చిన్న బన్ను పేరు చెప్పమంటే బ్రిటిషువారి మధ్య తగువు ఖాయం. మాంచెస్టర్‌లో అది ‘బార్మ్’. పిండిని పొంగించే పులుపు నురగకు పాత పేరు బార్మ్. నాటింగ్‌హామ్, డెర్బీలలో ‘కాబ్’, కోవెంట్రీలో ‘బ్యాచ్’, షెఫీల్డ్‌లో ‘బ్రెడ్‌కేక్’. పశ్చిమ యార్క్‌షైర్‌లో ‘టీకేక్’ అంటే ఎండుద్రాక్ష లేని మామూలు బన్ను. మిగతా దేశంలో అదే పేరుతో అడిగితే ఎండుద్రాక్షలున్న తీపి రొట్టె ఇస్తారు. న్యూకాసిల్ ‘స్టాటీ’ పళ్లెమంత వెడల్పుగా, బల్లపరుపుగా ఉంటుంది. ఆబర్డీన్‌లో కొవ్వు ఎక్కువగా, ఉప్పగా ఉండే ‘బటరీ’కి ‘రోవీ’ అని ఇంకో పేరు. బేకరీ మొన్నమొన్నటిదాకా వీధి వ్యాపారం. దేశమంతటికీ ఒకే సంచిలో రొట్టె పంపిన కంపెనీ లేని రోజుల్లో పుట్టిన పేర్లివి. అందుకే ఇన్ని.

సందు: పైన చెప్పినవి కాక యార్క్‌షైర్‌లో ‘స్నికెట్’, లెస్టర్‌లో ‘జిట్టీ’, లివర్‌పూల్‌లో ‘జిగర్’, ష్రూస్‌బరీలో ‘షట్’, న్యూకాసిల్ రేవు పక్కన ‘చేర్’, ప్లిమత్‌లో ‘ఓప్’, స్కాట్లండ్‌లో ‘వైండ్’, ‘వెనెల్’ ఉన్నాయి. హల్ నగరంలో ఇళ్ల వెనుక దారిని ‘టెన్‌ఫుట్’ అంటారు. పది అడుగుల వెడల్పు ఉంటుంది కనుక ఆ పేరు. నగరపాలక సంస్థలు పెద్ద వీధులకు పేర్లు పెట్టాయి కానీ సందుల జోలికి పెద్దగా రాలేదు.

సద్దిమూట: పనికి పట్టుకుపోయే తిండికి బొగ్గు గనులే ఎక్కువ పేర్లు ఇచ్చాయి. డర్హమ్, నార్తంబర్లాండ్ గనివాళ్లది ‘బెయిట్’, నాటింగ్‌హామ్, డెర్బీషైర్ గనివాళ్లది ‘స్నాప్’. స్కాట్లండ్‌లో ‘పీస్’ అంటే రొట్టె ముక్కల మధ్య ఏదో ఒకటి పెట్టుకున్నది. కార్న్‌వాల్ తగరపు గనుల్లో ‘క్రిబ్’, ‘క్రౌస్ట్’ అనేవారు.

వాన, చలి: ఏడాదిలో ఎక్కువ రోజులు మబ్బు పట్టే దేశంలో వానకు మాటల కరువు లేదు. సన్నని తుంపర నైరుతిలో ‘మిజిల్’, స్కాట్లండ్‌లో ‘స్మర్’. కుండపోత యార్క్‌షైర్‌లో ‘సైలింగ్’. నేలను తాకి చినుకులు ఎగిరిపడేంత జోరైతే ఈశాన్యంలో ‘స్టాటింగ్’. స్టాట్ అంటే బంతిలా ఎగరడం. సముద్రం మీంచి పాకివచ్చే పొగమంచు స్కాట్లండ్ తూర్పు తీరాన ‘హార్’, ఇంగ్లండ్ ఈశాన్య తీరాన ‘ఫ్రెట్’. ముసురు పట్టి, చలిగా, ఉసూరుమనిపించే రోజుకు స్కాట్లండ్ మాట ‘డ్రీఖ్’. చలికి తట్టుకోలేని మనిషిని మిడ్‌లాండ్స్‌లో ‘నెష్’ అంటారు. పాత ఇంగ్లీషులో మెత్తని, బలహీనమైన అనే అర్థమున్న మాట అది. ప్రామాణిక భాషలో దీనికి సమానమైన ఒంటి మాట లేదు.

చిన్న ప్రాణులు, ఎడమ చెయ్యి: రాళ్ల కింద చుట్టుకునే చెక్కపురుగు స్కాట్లండ్‌లో ‘స్లేటర్’, రెడింగ్ పరిసరాల్లో ‘చీజ్‌లాగ్’, సోమర్సెట్‌లో ‘గ్రాంఫర్ గ్రిగ్’. ఎర్ర రెక్కల మీద నల్ల చుక్కలుండే పురుగు నార్ఫోక్‌లో ‘బిషీ బార్నబీ’. ఎడమచేతి వాటాన్ని ఈశాన్యంలో ‘కడీ విఫ్టర్’ అనీ, స్కాట్లండ్‌లో ‘కోరీ ఫిస్టెడ్’ అనీ అంటారు.

బడిపిల్లల మాటలు: ఆట మధ్యలో మన పిల్లలు ‘టైమ్ ప్లీజ్’ అని ఆగినట్టే బ్రిటన్ పిల్లలూ వేళ్లు మెలివేసి ఒక మాట అంటారు. ఐయోనా, పీటర్ ఓపీ దంపతులు 1959లో ప్రచురించిన బడిపిల్లల లోకవార్త గ్రంథంలో దానికి పటమే గీశారు. స్కాట్లండ్‌లోనూ ఇంగ్లండ్ పడమటి వైపూ ‘బార్లీ’, లండన్ చుట్టూ ‘ఫెయినైట్స్’, తూర్పున ‘కింగ్స్’, డర్హమ్, న్యూకాసిల్‌లలో ‘స్కించ్’, బ్రిస్టల్, దక్షిణ వేల్స్‌లలో ‘క్రీ’. వీటిని ఏ టీచరూ నేర్పలేదు. పదేళ్ల పిల్లల నుంచి ఏడేళ్ల పిల్లలకు, వారి నుంచి ఆ వెనుక వచ్చేవారికి అందుతూ వచ్చాయి.

గొర్రెల లెక్క: కంబ్రియా, యార్క్‌షైర్ లోయల్లో కాపరులు గొర్రెలను లెక్కించే వరుస ‘యాన్, టాన్, టెథెరా, మెథెరా, పింప్’ అని సాగుతుంది. ఐదుకు వెల్ష్ మాట ‘పింప్’. ఆ కొండల్లో ఇంగ్లీషుకు ముందు వెల్ష్‌కు చుట్టమైన భాష ఉండేది. ఈ లెక్క దాని అవశేషమా, తరువాత వేల్స్ నుంచి వచ్చిందా అన్నది పండితుల మధ్య తేలని వివాదం.

పిలుపులు, మర్యాదలు

ఎదుటి మనిషిని, పరిచయం లేకపోయినా, ఆప్యాయంగా పిలిచే మాటను బట్టి ఏ ఊరిలో ఉన్నామో చెప్పవచ్చు. డెర్బీ, స్టోక్, నాటింగ్‌హామ్‌లలో ‘డక్’, పలకరింపు ‘ఐ అప్ మీ డక్’. న్యూకాసిల్‌లో ‘పెట్’, ‘హినీ’. గ్లాస్గోలో ఆడవారిని ‘హెన్’ అంటారు. బర్మింగ్‌హామ్‌లో ‘బాబ్’, బ్రిస్టల్‌లో ‘మై లవర్’, కార్న్‌వాల్‌లో ‘మై హాన్సమ్’. యార్క్‌షైర్‌లో మగవాళ్లు సాటి మగవాళ్లనూ ‘లవ్’ అనే పిలుస్తారు. బస్సు కండక్టరు, కూరగాయల అంగడి మనిషి అనే ఈ మాటల్లో సరసం ఏమీ లేదు. గనివాళ్లు తోటి పనివాడిని కంబ్రియా, డర్హమ్‌లలో ‘మారా’ అంటారు, దక్షిణ వేల్స్‌లో ‘బట్’ అంటారు.

ప్రామాణిక ఇంగ్లీషులో నువ్వు, మీరు అనే తేడా పోయింది. పాత ‘దౌ’ మాయమై, బహువచనమైన ‘యూ’ ఒక్కటే మిగిలింది. యార్క్‌షైర్, లాంకషైర్ పల్లెల్లోనూ, బర్మింగ్‌హామ్ పక్కనున్న బ్లాక్ కంట్రీలోనూ, నైరుతిలోనూ ‘దా’, ‘దీ’ 20వ శతాబ్దం దాకా గట్టిగా బతికాయి. తనను ‘దా’ అన్న పెద్దలను తిరిగి ‘దా’ అనబోయే పిల్లవాడికి మందలింపుగా యార్క్‌షైర్‌లో ఒక నానుడే ఉంది. ఆ మందలింపులోని మర్యాద తెలుగువాడికి వెంటనే తెలుస్తుంది, లండన్ వాడికి విడమరిచి చెప్పాలి.

ప్రాంతాల వారీగా నానుడులు

స్కాట్లండ్: ‘లాంగ్ మే యర్ లమ్ రీక్’ అన్నది కొత్త సంవత్సరపు దీవెన. నీ ఇంటి పొగగొట్టం కలకాలం పొగ చిమ్మాలని అర్థం. బొగ్గు కొనుక్కునే స్తోమత ఉన్న ఇంట్లోనే పొయ్యి ఆరదు. ‘మెనీ ఎ మికుల్ మాక్స్ ఎ మకుల్’ అని పొదుపు గురించి ఒక సామెత ఉంది. అందులో తమాషా ఏమిటంటే మికుల్, మకుల్ ఒకే మాటకు రెండు రూపాలు, రెండింటికీ అర్థం ‘పెద్దది’. కొంచెం కొంచెం కలిస్తే పెద్దదవుతుందన్న పాత సామెత నోళ్లలో నలిగి ఇలా మారింది. ఈశాన్య స్కాట్లండ్ డోరిక్ మాండలికంలో ప్రశ్న పదాలు ‘ఫ్’తో మొదలవుతాయి. క్షేమసమాచారం అడగడానికి ‘ఫూస్ యర్ దూస్?’ అంటారు, అంటే ‘నీ పావురాలెలా ఉన్నాయి?’ అని. ‘ఐ పెకిన్’, ఎప్పట్లాగే గింజలు ఏరుతున్నాయన్నది జవాబు. ఇద్దరికీ పావురాలు ఉండనక్కర్లేదు. షెట్లండ్, ఆర్క్‌నీ దీవుల్లో శతాబ్దాలపాటు నార్న్ అనే నార్స్ భాష నడిచింది. చిన్నదాన్ని ‘పీరీ’ అనడం అక్కడి ప్రత్యేకత.

ఈశాన్య ఇంగ్లండ్: ‘షై బెయిర్న్స్ గెట్ నౌట్’, సిగ్గుపడే పిల్లలకు ఏమీ దక్కదు. మన ‘అడగందే అమ్మయినా పెట్టదు’కు దగ్గరి చుట్టం. ‘గాన్ కానీ’ అంటే జాగ్రత్తగా వెళ్లిరమ్మని. ‘కానీ’ అన్న ఒక్క మాటకే ఇక్కడ మంచి, అందమైన, నెమ్మదైన, చాలా అనే అర్థాలున్నాయి. స్కాట్లండ్‌లో అదే మాటకు జాగరూకత, పొదుపు అన్న ఛాయలు ఎక్కువ. ‘రండి, పదండి’ అన్న అరుపు న్యూకాసిల్‌లో ‘హౌవే’, పాతిక కిలోమీటర్లయినా లేని సండర్లాండ్‌లో ‘హావే’. ఫుట్‌బాల్ మైదానంలో ఆ ఒక్క అచ్చుతోనే ఎవరు ఏ జట్టు మనిషో తెలిసిపోతుంది.

యార్క్‌షైర్, లాంకషైర్: ‘వేర్ దేర్స్ మక్, దేర్స్ బ్రాస్’ అంటే మురికి ఉన్నచోటే డబ్బు. ఊరంతా మసి కమ్మించిన మిల్లులే ఊరికి కూడు పెట్టిన కాలపు మాట. తలుపు వేయమనడానికి ‘పుట్ వుడ్ ఇన్ టోల్’, కన్నంలో చెక్క పెట్టమని అంటారు. లాంకషైర్ వారిది ‘క్లాగ్స్ టు క్లాగ్స్ ఇన్ త్రీ జెనరేషన్స్’. క్లాగ్స్ అంటే నూలు మిల్లు కూలీలు తొడిగే చెక్క అడుగు చెప్పులు. తాత చెక్కచెప్పుల నుంచి పైకొచ్చి సంపాదిస్తాడు, తండ్రి అనుభవిస్తాడు, మనవడు మళ్లీ చెక్కచెప్పులు తొడుగుతాడు.

మిడ్‌లాండ్స్: దూరాన మబ్బు కమ్ముకుంటే ‘బిల్ వాళ్లమ్మ ఇంటి మీద నల్లగా ఉంది’ అంటారు. ఆ బిల్ షేక్‌స్పియర్ అని కొందరు, జర్మనీ చక్రవర్తి విల్‌హెల్మ్ అని కొందరు చెబుతారు. దేనికీ ఆధారం లేదు. చుట్టుదారి పట్టినా, చెప్పాల్సింది నాన్చినా ‘రెకిన్ చుట్టూ తిరిగాడు’ అని బర్మింగ్‌హామ్‌లో అంటారు. రెకిన్ ష్రాప్‌షైర్‌లోని ఒక కొండ. బ్లాక్ కంట్రీ వీడ్కోలు ‘కీప్ ఔట్ ది ఓస్ రోడ్’, గుర్రం దారికి అడ్డం రాకు. గుర్రపు బండ్లు పోయి చాలాకాలమైనా ఈ హెచ్చరిక పోలేదు. కుండల పరిశ్రమకు పేరుపడ్డ స్టోక్‌లో పొరుగూరివారిని పరీక్షించడానికి ‘కాస్ట్ కిక్ ఎ బో అగేన్ ఎ వో’ అంటారు. ‘బంతిని గోడకేసి తన్నగలవా?’ అన్న మామూలు ప్రశ్నే, కాకపోతే బంతీ గోడా ఆనవాలు పట్టడం కష్టం.

తూర్పు ఆంగ్లియా: వంకరగా ఉన్నదాన్ని ‘ఆన్ ది హు’ అంటారు, పనికిరాని కబుర్లను ‘స్క్విట్’ అంటారు. నలుగురి దారిలో నడవబోమన్న ధోరణిని చెప్పే ‘డు డిఫరెంట్’ అన్న నార్ఫోక్ మాటను ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం తన ఆదర్శ వాక్యంగా పెట్టుకుంది.

నైరుతి, వేల్స్: కార్న్‌వాల్ మనిషి ‘డ్రెక్లీ’ చేస్తానంటే ఆ పని ఇవాళే అవుతుందన్న హామీ లేదు. మూలపదానికి అర్థం వెంటనే అని, ఇక్కడ మాత్రం ఎప్పుడో ఒకప్పుడు అని. దక్షిణ వేల్స్‌లో ‘నౌ ఇన్ ఎ మినిట్’ది కూడా ఇదే తంతు. వేసవిలో వచ్చిపడే పర్యాటకులను డెవన్‌లో ‘గ్రాకుల్’ అంటారు, కార్న్‌వాల్‌లో ‘ఎమెట్’, అంటే చీమ అంటారు. వేల్స్ ఇంగ్లీషులో ‘కుచ్’ అంటే కౌగిలింత, మెట్ల కింది చిన్న గూడు కూడా అదే. రెండు చోట్లా వెచ్చగా ఒదిగి ఉండవచ్చు. వెల్ష్ భాషలో కుండపోతకు నానుడి ‘ముసలమ్మలూ కర్రలూ కురుస్తున్నాయి’ అని.

లండన్: తూర్పు లండన్ కాక్నీల ప్రాస భాష 19వ శతాబ్దం మధ్యకల్లా అచ్చుకెక్కింది. చెప్పాల్సిన మాటకు ప్రాస కుదిరే జంట పదం తెచ్చి, ఆ ప్రాస ముక్కనే వదిలేయడం ఇందులోని గమ్మత్తు. ‘లుక్’కు ‘బుచర్స్ హుక్’ ప్రాస, కనుక చూడటం ‘బుచర్స్’. ‘హెడ్’కు ‘లోఫ్ ఆఫ్ బ్రెడ్’, కనుక తల ‘లోఫ్’. కర్రీని ‘రూబీ’ అంటారు. 1950లలో వెలిగిన గాయని రూబీ మరీ పేరు ప్రాసకు కుదిరింది. 20వ శతాబ్దం చివరి నుంచి కరీబియన్, ఆఫ్రికా, దక్షిణాసియా కుటుంబాల పిల్లలు కలిసి పెరిగిన పేటల్లో మరో వాడుక పుట్టింది. ‘బేర్’ అంటే చాలా, ‘పెంగ్’ అంటే చక్కనిది. భాషావేత్తలు దీన్ని బహుళ సంస్కృతుల లండన్ ఇంగ్లీషు అంటారు. ఇప్పుడు అది మాంచెస్టర్, బర్మింగ్‌హామ్ కుర్రకారు నోటా వినిపిస్తోంది.

అపార్థాలు

తెలియని మాటకంటే తెలిసినట్టుండే మాటే ఎక్కువ మోసం చేస్తుంది. యార్క్‌షైర్‌లో ‘వైల్’కు ‘వరకు’ అని కూడా అర్థం. ‘నైన్ వైల్ ఫైవ్’ అంటే తొమ్మిది నుంచి ఐదు దాకా. ఎర్రదీపం వెలుగుతున్నంతసేపు ఆగమని రైలు గేటు దగ్గర బోర్డు పెడితే, అక్కడివారు దీపం వెలిగేదాకా ఆగి అప్పుడు బయల్దేరారని ఒక హాస్యకథ చెప్పుకుంటారు. ఉత్తరాది ముసలివారు ‘స్టార్వ్డ్’ అంటే ఆకలి అని కాదు, చలికి కొయ్యబారిపోయామని. పాత ఇంగ్లీషులో ఆ క్రియకు చనిపోవడం అని అర్థం. ప్రామాణిక భాష దాన్ని ఆకలిచావుకు కుదించింది, ఉత్తరాది చలికి మళ్లించింది. అక్కడ ఆకలికి వేరే మాట ఉంది, ‘క్లెమ్డ్’.

ఈ తేడాలు ఆసుపత్రిలో నవ్వులాట కావు. జాతీయ ఆరోగ్య సేవ 1948లో మొదలైనప్పటి నుంచి భారతదేశపు డాక్టర్లు, వారిలో తెలుగువారు, పారిశ్రామిక పట్టణాల్లో పనిచేస్తున్నారు. ఇంగ్లీషు మాధ్యమంలో వైద్యం చదివిన వారికి కూడా, రోగి ‘బ్యాడ్లీ’గా ఉన్నానంటే ఒంట్లో బాగాలేదని, ‘లగ్’ నొప్పి అంటే చెవి నొప్పి అని, స్కాట్లండ్‌లో ‘ఆక్స్టర్’ అంటే చంక అని, ‘పీలీ వాలీ’ అంటే పాలిపోయి ఉండటమని పనిలో పడ్డాకే తెలుస్తుంది.

సాహిత్యం, బడి, ప్రసారం

స్కాట్స్‌లో రాబర్ట్ బర్న్స్ తొలి కవితా సంపుటి 1786లో కిల్మార్నాక్‌లో అచ్చయింది. విలియం బార్న్స్ 1844లో డోర్సెట్ మాండలికంలో కవితలు వెలువరించాడు. ఎమిలీ బ్రాంటే 1847 నాటి ‘వదరింగ్ హైట్స్’లో నౌకరు జోసెఫ్ నోట చిక్కని యార్క్‌షైర్ పలికించింది. ఆమె చనిపోయాక 1850 ముద్రణలో దక్షిణాది పాఠకులకు అర్థం కాదని అక్క షార్లట్ ఆ మాటలను పలచన చేసింది. ఇర్విన్ వెల్ష్ 1993లో ‘ట్రెయిన్‌స్పాటింగ్’ నవలలో ఎడిన్‌బరో వాడుకను ఏ మాత్రం పలచన చేయలేదు. పుస్తకం దేశమంతా అమ్ముడుపోయింది.

1870 విద్యాచట్టంతో బడులు విస్తరించాక మాండలికం తప్పుగా, మొరటుగా ముద్రపడింది. 1922లో మొదలైన బీబీసీ రేడియో దక్షిణాది చదువుకున్నవారి ఉచ్చారణనే ఎంచుకుంది. 1941లో యార్క్‌షైర్ వాసి విల్‌ఫ్రెడ్ పికిల్స్ తన యాసతో జాతీయ వార్తలు చదివితే పెద్ద దుమారమే రేగింది. వార్తలు నమ్మేలా లేవన్న విమర్శ కూడా వచ్చింది.

ప్రస్తుత స్థితి

స్కాట్స్ మాండలికమా, భాషా అన్న చర్చకు చట్టం ఒక జవాబిచ్చింది. ఐరోపా ప్రాంతీయ భాషల ఒడంబడిక కింద 2001లో బ్రిటన్ దాన్ని భాషగా గుర్తించింది. 2011 జనగణనలో 15 లక్షలకు పైగా ప్రజలు తమకు స్కాట్స్ వచ్చని రాయించారు. 2025లో స్కాట్లండ్ పార్లమెంటు గేలిక్‌తో పాటు దీనికీ అధికార హోదా కల్పించింది. ఇంగ్లండ్ మాండలికాలకు అలాంటి హోదా ఏదీ లేదు. 1897లో మొదలైన యార్క్‌షైర్ డయలెక్ట్ సొసైటీ వంటి స్వచ్ఛంద సంఘాలే వాటికి దిక్కు.

పదాలు అన్నీ ఒకే తీరున పోవడం లేదు. గుర్రపు సేద్యంతో పాటు దాని పనిముట్ల పేర్లు పోయాయి. చివరి లోతైన బొగ్గు గని, ఉత్తర యార్క్‌షైర్‌లోని కెలింగ్లీ, 2015 డిసెంబరులో మూతపడింది. ‘పిట్‌మాటిక్’ అనే ఈశాన్య గనివాళ్ల మాటలు తాతల నోళ్లలోనే మిగిలాయి. పనితో వచ్చిన మాట పనితోనే పోయింది. బన్ను, సందు, పిలుపు మాత్రం నిలిచాయి. ఊరి గుర్తుగా కప్పుల మీదా, తువ్వాళ్ల మీదా అచ్చయి అమ్ముడుపోతున్నాయి కూడా.

2016లో కేంబ్రిడ్జి, బెర్న్, జూరిచ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఒక మొబైల్ యాప్ ద్వారా 4,000కు పైగా ఊళ్ల నుంచి సుమారు 30,000 మంది జవాబులు తీసుకుని ఆర్టన్ నాటి పటాలతో పోల్చారు. చాలాచోట్ల ఆగ్నేయ ఇంగ్లండ్ రూపాలు ముందుకు వచ్చాయి. ఉత్తరాన శరదృతువును ‘బ్యాక్ ఎండ్’ అనేవారు, అది దాదాపు మాసిపోయింది. వేలిలో దిగిన చిన్న చెక్కముల్లుకు ఆర్టన్ కాలంలో ‘స్పెల్’, ‘స్పైల్’, ‘స్పీల్’, ‘షివర్’ అని ప్రాంతానికో పేరుండేది. ఇప్పుడు దాదాపు దేశమంతటా ‘స్ప్లింటర్’ ఒక్కటే. న్యూకాసిల్, సండర్లాండ్ ప్రాంతంలో మాత్రం అది నేటికీ ‘స్పెల్క్’.